నలభై మాటల పట్టిక

నా నోరు మంచిది కాదని మా అమ్మ మొదలుకొని మా హెడ్మాస్టర్ దాకా అందరూ చెప్పేదే. కాదని నేనూ అనను. కానీ ఈ నోరు ఒక్కచోట మాత్రం మూతపడేది. టీచర్లకు పెట్టే ట్రైనింగుల్లో. అక్కడ ఐదు రోజులు కూర్చుని, చప్పట్లు కొట్టమంటే కొట్టి, లేవమంటే లేచి, "డౌట్లున్నయా?" అని అడిగితే "లేవు సార్" అని అందరితో కలిసి రాగం తీసి ఇంటికి వచ్చేదాన్ని. నాకున్న డౌటు ఒక్కటే. అడిగితే పరువు పోయే డౌటు. చిన్నపిల్లలకు చదవడం ఎట్లా నేర్పాలో నాకు తెలియదు.

మాది ఆలేరు దగ్గర పల్లె. మా ఇంట్లో గవర్నమెంటు నౌకరి అన్నది నాతోనే మొదలు. తెలంగాణ వచ్చాక వేసిన టీచరు పోస్టుల్లో, సొంత జిల్లాలో అందక, నాన్‌లోకల్ కోటాలో నారాయణపేట అవతల ఒక తండాకు పడ్డాను. ఆర్డరు చేతికి వచ్చిన రోజు మా బాపు కూలికి పోవడం మానేసి ఊరంతా తిరిగాడు. "నా బిడ్డ సర్కారు టీచరైంది, ఇగ పిల్లలకు సదువు చెప్తది" అని కనపడ్డ ప్రతి మనిషికీ చెప్పాడు. ఆయన అంత గట్టిగా చెప్పాడు కాబట్టే, నాకు చెప్పడం రావట్లేదని తెలిసిన రోజున అంత సిగ్గేసింది.

తండా బడికి రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం టీచర్లం. హెడ్మాస్టర్ సార్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నాలుగు, ఐదు తరగతులు, ఆఫీసు కాగితాలు ఆయనవి. ఒకటి, రెండు, మూడు నావి, మూడూ ఒకే గదిలో. ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. వాళ్లకు తెలుగు ముక్క రాదు, నాకు లంబాడీ ముక్క రాదు. పొద్దున బెల్లు కొట్టినప్పటి నుంచి సాయంత్రం బెల్లు కొట్టేదాకా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం.

రాయడం మాత్రం అద్భుతంగా రాసేవాళ్లు. బోర్డు మీద ఏది పెడితే అది గుండ్రంగా, ఒక్క కొమ్ము పోకుండా దించేవాళ్లు. నోటుబుక్కులు తిరగేసిన ఆఫీసర్లు "భలే రాయిస్తున్నరు మేడం" అని ఎర్ర సంతకం పెట్టి పోయేవాళ్లు. అది రాత కాదు, బొమ్మలు గీయడం. దించిన మాట మీద వేలు పెట్టి చదవమంటే ఒక్కరూ నోరు తెరవరు. ఆ వేలు పెట్టి చూసే ఓపిక ఏ ఆఫీసరుకూ లేదు. అట్లా మూడేళ్లు గడిచాయి. నా చేతిలో ఒకటిలో చేరినవాళ్లు చదవడం రాకుండానే నాలుగుకు పోయారు. హెడ్మాస్టర్ సార్ ఏమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే మొదటిసారి ట్రైనింగుకు పిలిచినప్పుడు నిజంగానే ఆశతో పోయాను. ఎంత ఆశంటే, కొత్త నోటుబుక్కు కొని, మొదటి పేజీలో తారీఖు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. హైస్కూలు గది, తిరగని ఫ్యాను, గోడకు మేకులు కొట్టి కట్టిన తెల్లగుడ్డ మీద ప్రొజెక్టరు. మొదటి గంట హాజరుకే పోయింది. ఫోన్‌కు ముఖం చూపించాలి, సిగ్నల్ ఉండదు. పిల్లలకు క్రమశిక్షణ నేర్పే యాభై మంది టీచర్లం ఫోన్లు పైకెత్తి గ్రౌండంతా తిరిగాం.

తర్వాత 'ఎనర్జైజర్'. పేరు చూసి భయపడనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులకు మాత్ర మింగి వచ్చిన పెద్దమనుషుల చేత కప్పగంతులు వేయించడమే అది. ఆ తర్వాత మామిడి, జామ, సీతాఫలం అని గ్రూపులు చేశారు. నేను సీతాఫలం. గ్రూపుకు ఒక చార్టు, రెండు స్కెచ్ పెన్నులు. చేతిరాత బాగున్న ఒక టీచరమ్మ వంగి రాస్తుంటే మిగతా సీతాఫలాలన్నీ ట్రాన్స్‌ఫర్ల గురించి మాట్లాడుకున్నాయి. రాసిన చార్టు గోడకు అంటించి, దాని ముందు మమ్మల్ని నిలబెట్టి ఫోటో తీశారు. అందులో ఏం రాసి ఉందో ఫోటో తీసినాయనకూ తెలియదు, ఫోటోలో ఉన్న మాకూ తెలియదు. మధ్యాహ్నం బగారన్నంలో ఉప్పు తక్కువైందన్న విషయం మీద మాత్రం ఐదు రోజుల్లో ఎప్పుడూ లేనంత చక్కటి చర్చ జరిగింది.

మాకు చెప్పేవాళ్లను ఆర్పీలంటారు. వాళ్లూ మాలాంటి టీచర్లే, అదే ట్రైనింగును మాకంటే ముందు వారం తీసుకున్నవాళ్లు. ఒకటో తరగతికి చదవడం నేర్పడం గురించి మాకు చెప్పినాయన హైస్కూల్లో ఫిజిక్సు సారు. మంచివారే. ఆయనకు పైవాళ్లు చెప్పారు, పైవాళ్లకు ఆ పైవాళ్లు చెప్పారు. ఎక్కడో తాటిచెట్టు మీంచి దించిన కల్లు, దారిలో ప్రతి చేయీ ఇన్ని నీళ్లు కలిపాక మా మండలానికి వచ్చింది. తెర మీద ఉన్నది ఆయన పైకి చదివారు, మేం విన్నాం. చదవడం నేర్పడం సంగతి ఏమోగానీ, ఆయనకు చదవడం వచ్చన్నది మాత్రం ఐదు రోజుల్లో రుజువైంది.

మొదటి రోజే చీటీలు పంచి, ఈ శిక్షణ నుంచి ఏం ఆశిస్తున్నారో రాయమన్నారు. పేరు రాయనక్కర్లేదన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. 'తెలుగు రాని లంబాడా పిల్లలకు ఒకటో తరగతిలో చదవడం ఎట్లా నేర్పాలి?' అని రాసి మడిచి ఇచ్చాను. సార్ బోర్డు మీద మూడు గడులు గీశారు: బోధన, మూల్యాంకనం, ఇతరములు. నా చీటీ ఇతరముల్లో పడింది. ఐదో రోజు దాకా ఇతరముల జోలికి ఎవరూ పోలేదు. ఫీడ్‌బ్యాక్ ఫారాలు రెండో రోజే నింపించుకున్నారు, ఆఖరి రోజు అందరికీ బస్సు తొందర ఉంటుందని. 'చాలా ఉపయోగపడింది' అన్న గడిలో నేనూ టిక్కు పెట్టాను. పక్కనామె పెట్టింది కాబట్టి పెట్టాను. సిగ్గులేని పని.

ఇట్లాంటివి ఆ మూడేళ్లలో ఎన్నో. నేను పోయిన ప్రతిసారీ బడిలో హెడ్మాస్టర్ సార్ ఒక్కరే ఐదు తరగతులను కాసుకునేవారు. తిరిగొచ్చాక అడిగేది ఒకటే.

"ఏం నేర్చుకొచ్చిన్రు మేడం?"

"కప్పగంతులు సార్."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నవ్వడం అయిపోయాక నేను మళ్లీ ఆ గదిలోకి పోవాల్సి వచ్చేది.

నాకు చివరికి నేర్పిన మనిషి ఏ ట్రైనింగులోనూ లేదు. మా బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆమె. తండా మనిషి, నాకంటే ఓ పదిహేనేళ్లు పెద్ద, చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. నాలుగో ఏడు జూలైలో ఒకరోజు నేను బొమ్మల చార్టు పట్టుకుని ఒకటో తరగతి ముందు నిలబడ్డాను. రొట్టె బొమ్మ, దాని కింద 'రొట్టె' అని పేరు. బొమ్మ చూసి మాట అనుకోవాలి, ఆ మాటలో మొదటి శబ్దం చెప్పాలి. ఇదీ నేను నేర్పుతున్న పద్ధతి. రెండు జడల పిల్ల ఒకతి లేచి ధైర్యంగా "బా" అంది. రొట్టెలో బా ఎక్కడిదే అని కసిరాను. మళ్లీ అడిగాను. మళ్లీ "బా" అంది, ఈసారి కళ్లల్లో నీళ్లతో. పప్పు గిన్నె దించడానికి వచ్చిన వంటామె గుమ్మంలో నిలబడి నవ్వింది.

"దానిమీద ఎందుకు అరుస్తున్నవ్ టీచరమ్మా? మంచిగనే చెప్పింది గద."

"ఏం మంచిగ చెప్పిందక్కా? రొట్టె చూపిస్తే బా అంటది."

"రొట్టెను మేం బాటి అంటం. బొమ్మ జూసి బాటి అనుకుంది. బాటిల ముందుగాల బా రాదా?"

నేను చార్టు కింద పెట్టేశాను. ఆ పిల్ల చేసింది అక్షరాలా నేను చెప్పిన పని. బొమ్మ చూసింది, మాట అనుకుంది, మొదటి శబ్దం పట్టుకుంది. సరిగ్గా చెప్పినందుకు నేను ఏడిపించాను. ఇంతకుముందు మూడేళ్లలో ఇట్లా సరిగ్గా చెప్పిన పిల్లలను ఎంతమందిని కసిరి కూర్చోబెట్టానో, వాళ్లు ఇక నోరు తెరవకపోవడానికి కారణం ఎవరో ఆ క్షణంలో నాకు తెలిసింది.

మరుసటి రోజు నుంచి పిల్లల భోజనాలయ్యాక అరగంట ఆమె నాకు టీచరు. పాణి అంటే నీళ్లు, యాడి అంటే అమ్మ, ఘర్ అంటే ఇల్లు, హాత్ అంటే చేయి. నేను తప్పు పలికితే ఆమె నవ్వేది గానీ కసిరేది కాదు. పదిహేను రోజుల్లో నలభై మాటలయ్యాయి. వాటినే తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాశాను. మొదటి రోజు 'బాటి' అని రాసి చదివి వినిపిస్తే గదంతా పకపకా నవ్వింది. టీచరమ్మ నోట్లోంచి తమ ఇంటి మాట వస్తుందని ఆ పిల్లలు ఎన్నడూ అనుకోలేదు. రెండు రోజుల్లో బాటి చదివారు, వారంలో పాణి, యాడి. బాటిలో బా పట్టుబడ్డాక బావి వచ్చింది, పాణిలో పా పట్టుబడ్డాక పాలు, పాప. అట్లా వాళ్ల మాటల్లోంచి మెల్లగా తెలుగులోకి నడిచొచ్చారు.

ఫిబ్రవరి వచ్చేసరికి ఇద్దరు తప్ప ఒకటో తరగతంతా చిన్న చిన్న వాక్యాలు చదివేది. రెండు జడల పిల్ల అయితే బడి గోడ మీద ఉన్న పోలియో చుక్కల పోస్టరు కూడా చదివింది. ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేసి, "పిల్లలు చదువుతున్నరు బాపూ" అన్నాను. "చదవక ఏం జేస్తరు బిడ్డా, నువ్వు టీచర్‌వి గద" అన్నాడు. నాలుగేళ్లు నేను ఎట్లా గడిపానో ఆయనకేం తెలుసు? ఫోన్ పెట్టేసి కరువుతీరా ఏడ్చాను.

ఇంతటితో ఊరుకుంటే బాగుండేది. నోరు ఊరుకోదు కదా. చుట్టుపక్కల బడుల టీచర్లంతా నెలకోసారి కూడే కాంప్లెక్స్ మీటింగులో లేచి ఇదంతా గొప్పగా చెప్పాను. ఫోన్‌లో ఆ పిల్ల చదువుతున్న వీడియో చూపించాను. ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో ఊరూరా తిరిగింది. బొటనవేళ్లు, దండాలు, పూలగుత్తులు వచ్చిపడ్డాయి. పది రోజులకు పై ఆఫీసు నుంచి ఒక సారు కారులో దిగాడు. పిల్ల చేత రెండు వాక్యాలు చదివించుకుని, "ఎక్సలెంట్ మేడం, దీన్ని మాడ్యూల్ చేద్దాం" అన్నాడు. మాడ్యూల్ అంటే ట్రైనింగుల్లో టీచర్లకు పంచే పుస్తకం.

నేను నాలుగు పేజీలు రాసుకుని ఆఫీసుకు పోయాను. మొదటి పేజీలోనే అసలు సంగతి రాశాను: మీ బడి పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందు కనుక్కోండి, వాళ్ల అమ్మలనో, బడిలో వండే ఆమెనో అడిగి మాటలు రాసుకోండి, నా మాటలు మీకు పనికిరావు. సారు అది చదివి కళ్లజోడు తీశాడు.

"వంటామె దగ్గర టీచర్లు నేర్చుకున్నరంటే ఏం బాగుంటది మేడం? ఇది పైనోళ్లు చదువుతరు. స్థానిక వనరుల వినియోగం అని రాద్దాం."

"ఆమె వనరు కాదు సార్, మనిషి."

"అదే మేడం. మానవ వనరు."

తర్వాత మాటల దగ్గరకు వచ్చాడు. ఒక్కో బడికి ఒక్కో తీరు మాటలంటే పుస్తకం ఎట్లా అవుతుందన్నాడు. "అందరికీ ఒకటే ఉండాలె. మీ నలభై మాటలు మంచిగున్నయి, అవే ప్రింట్ చేయిద్దాం. లామినేషన్ కొట్టిస్తే గోడకు పదేండ్లు ఉంటది." ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది ఆయన వరస. ఆ మాట అక్కడే అనాల్సింది. వీధి కుళాయి దగ్గర ఎంతమందితోనైనా కొట్లాడే నేను ఆ కుర్చీ ముందు "సరే సార్" అన్నాను. పుస్తకం వెనక అట్ట మీద నా ఫోటో వేస్తామన్నారు. కారణం అంతే. దానికి వేరే గొప్ప పేర్లు పెట్టను.

నలభై మాటల పట్టిక రంగుల్లో అచ్చయింది. మళ్లీ జూలై నుంచి నన్ను ఆర్పీగా డిప్యుటేషన్ మీద తీసుకున్నారు. ఆర్డరు చూపిస్తే హెడ్మాస్టర్ సార్ రెండుసార్లు చదివి, "కన్నతల్లికి అన్నం పెట్టనోడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తనన్నడట" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నా మూడు తరగతులు కూడా ఆయన నెత్తినే పడ్డాయి.

నారాయణపేట చీరలు మూడు కొనుక్కున్నాను, స్టేజీ మీదకు కావాలి కదా. మైకు పట్టుకున్నాను. పూలబొకే ఇస్తే పక్కకు తిరిగి ఫోటోకు నవ్వాను. కప్పగంతులు వేయించానా అంటే, వేయించాను. తెర మీద ఉన్నది పైకి చదివానా అంటే, చదివాను. చీటీలు పంచి ఇతరములు అని గడి కూడా గీశాను. నాకంటే వయసులో పెద్ద టీచర్లు "మేడం మేడం" అని వెనకాల తిరుగుతుంటే, నిజం చెప్తున్నా, ఒళ్లు పులకరించింది. ఫిజిక్సు సారును చూసి అంత నవ్వినదాన్ని, ఆయన కుర్చీలో ఆయనకంటే దర్జాగా కూర్చున్నాను.

మూడో బ్యాచిలో అనుకుంటా, వెనక బెంచీ నుంచి ఒక సన్నపాటి అబ్బాయి లేచాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. కర్ణాటక బార్డరు దగ్గర నేతవాళ్ల ఊళ్లో పనిచేస్తాడు.

"మేడం, మా ఊర్ల పిల్లలు ఇంట్ల కన్నడం మాట్లాడ్తరు. రొట్టెను రొట్టి అంటరు, నీళ్లను నీరు అంటరు. వాళ్లకు మన తెలుగు పుస్తకంల మాటలే దగ్గరున్నయి. ఈ బాటి, పాణి వాళ్లకు తెల్వదు. గీ పట్టిక మేం చెప్పాల్నా?"

ఆ పూట పై ఆఫీసు సారు కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. ఫోన్ లోంచి తలెత్తి నా వైపు చూశాడు. అడిగినదానికి జవాబు నాకు తెలుసు. ఆ గదిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. పట్టిక పక్కన పడెయ్యి తమ్ముడూ, పిల్లల అమ్మలను అడుగు. ఇంతే చెప్పాలి. ఒక్క నిమిషం పని.

"మాడ్యూల్‌లో ఉన్నది ఉన్నట్టు చేయండి సార్" అన్నాను. "మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

అతను "సరే మేడం" అని కూర్చున్నాడు. భోజనానికి పిలిచారు. ఆ తర్వాత అనేది మళ్లీ రాలేదు.

జనవరిలో నన్ను బడుల తనిఖీకి పంపారు. ఫారంలో అన్నీ అవును, కాదు గడులే. ఒకరోజు ఆ నేతవాళ్ల ఊరికి పోయాను. వీధి మలుపు తిరగకముందే మగ్గాల చప్పుడు, దాని మీదుగా పిల్లల గొంతులు. "యాడి అంటే అమ్మ. బాటి అంటే రొట్టె. పాణి అంటే నీళ్లు." ఒకటే రాగం, అంతా కంఠతా. బడి పక్కింటి అరుగు మీద ఒక అవ్వ నూలు చుడుతోంది. నన్ను పిలిచి, "ఏం భాష చెప్తున్నరమ్మా మా పోరగాండ్లకు? ఇంగిలీషా?" అని సంతోషంగా అడిగింది. నేను విననట్టు లోపలికి పోయాను.

గోడకు నా పట్టిక తళతళలాడుతోంది. పిల్లలు తమకు రాని భాషను, తమకు అక్కర్లేని భాషను, కళ్లు మూసుకుని అప్పజెప్తున్నారు. ఒక పిల్లవాణ్ని పిలిచి 'బాటి' అన్న మాట మీద వేలు పెట్టి చదవమన్నాను. వాడు నా వేలి వైపు చూడనే లేదు. పైకప్పు చూస్తూ "యాడి అంటే అమ్మ" అని మొదటి నుంచి ఎత్తుకున్నాడు. వాళ్ల ఇంటి మాటలకు దగ్గరున్న తెలుగు పుస్తకం బీరువాలో పెట్టించి, ఎవరో తండా పిల్లల మాటలు తెచ్చి వీళ్ల నోట్లో కుక్కించింది నేనే. ట్రైనింగులో లేచి అడిగిన ఆ అబ్బాయి అన్నీ చూపించాడు, టీ తెప్పించాడు, ఒక్క మాట ఎదురు అనలేదు. 'పట్టిక వాడుతున్నారా?' అన్నచోట అవును అని టిక్కు పెట్టి, నేను టీ సగంలో వదిలి బయటపడ్డాను.

ఆ వారమే మా బడికి పోయాను. నేను లేని ఏడునెలల్లో మా ఒకటో తరగతి వరండాలోకి మారింది. హెడ్మాస్టర్ సార్ లోపల నాలుగు తరగతులతో గొంతు చించుకుంటున్నారు. వరండాలో కొత్త పిల్లలు పలకల మీద రాస్తున్నారు, గుండ్రంగా, ఒక్క కొమ్ము పోకుండా. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని వేలు పెట్టి చదవమన్నాను. ఒక్కరికీ రాలేదు. చివర్లో కూర్చున్న పిల్ల ముఖం ఎక్కడో చూసినట్టుందని అడిగితే వంటామె మనవరాలట, కూతురి బిడ్డ. ఆ పిల్లకూ రాలేదు. వాళ్ల అమ్మమ్మ నాకు నేర్పిన మాటలు నేను జిల్లా అంతా పంచి, ఆ పిల్లకు మాత్రం ఒక్కటి కూడా చెప్పలేదు.

వంటామె బియ్యం ఏరుతూ కూర్చుంది. పక్కన కూర్చున్నాను. తనే అంది.

"నువ్వు ఊరూరికి పోయి టీచర్లకు చెప్తున్నవంట గద టీచరమ్మా. మంచిదే. మరి మా పోరగాండ్లకు ఎవరు చెప్పాలె?"

కోపంగా అన్నా నేను ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. ఆమె మామూలుగా అడిగింది, పప్పు ఎంత పోయమంటావని అడిగినట్టు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు ఫోన్ చేసి ఇక ఆర్పీగా రానని చెప్పాను. "మీలాంటోళ్లే గిట్లంటే ఎట్ల మేడం? వచ్చే నెల ఇంక నాలుగు మండలాలున్నయి" అన్నాడు సారు. పట్టిక తప్పని చెప్పాను. ప్రింటైపోయిందన్నాడు. నేతవాళ్ల ఊరి సంగతి చెప్పాను. "తనిఖీ ఫారంల మీరే అవునని పెట్టిన్రు గదా" అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆయన చెప్పింది నిజమే. తర్వాత మెమో వచ్చింది. దానికి జవాబు రాయడానికి హెడ్మాస్టర్ సార్ సాయం చేశారు. ఆ పూట నుంచి వరండాలో పిల్లలతో కూర్చున్నాను. ఏడాదికి రెండున్నర నెలలే మిగిలాయి. ఏడునెలలు ఎక్కణ్నుంచి తెస్తాను?

ఇంకొక పని మిగిలింది. దానికి మూడు రోజులు ధైర్యం చాలలేదు. నాలుగో రోజు బడి వదిలాక, ఆటో కోసం నిలబడి, ట్రైనింగు హాజరు కాగితంలో ఆ అబ్బాయి నంబరు వెతికి చేశాను.

"ఆ రోజు నేను మీకు తప్పు చెప్పిన సార్. ఆ పట్టిక తీసేయుండ్రి. మీ పిల్లలకు మీ పుస్తకమే మంచిది."

అవతల మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"తప్పని నాకు ఆ రోజే ఎరుక మేడం" అన్నాడు. "మీకు ఎరుకనా లేదా అని అడిగిన."